ఎదురు షాపు కోసం ప్రార్థన

మిక్సీలు, ఫ్యాన్లు రిపేరు చేసే షాపు. పొద్దున్నే షట్టరెత్తి, వీధివైపు తిరిగి కళ్లు మూసుకున్న భర్త. వెనక చీపురుతో భార్య.

"...ఎదురు షాపు మీద కూడా నీ చెయ్యి ఉంచు ప్రభువా. ఆమెన్."

"అయిందా? మా అన్నయ్య షాపుకి రెండో అంతస్తు కూడా వేయించమనకపోయారా."

"అది నిన్ననే అడిగాను."

"నవ్వకండి. అక్కడ జనాన్ని చూడండి. ఇక్కడ మనం ఈగలు తోలుకుంటున్నాం. అసలు మన గురించి ఎప్పుడైనా అడుగుతారా?"

"అడుగుతాను. ఆయన ముందు అటు చూస్తున్నట్టున్నాడు."

"మీకంతా వేళాకోళమే. మీరూ అన్నయ్యా ఒకే బల్ల దగ్గర హాయిగా పనిచేసుకునేవాళ్లు. యేసయ్య వెంట నడుస్తానన్నారు. సరే, నడవండి, నేను కాదన్నానా? వైరు ఊడిన మిక్సీకి మోటారు కాలిందని అన్నయ్య చెబుతుంటే, పక్కనుంచి 'కాలలేదండీ, వైరే' అనడం ఎందుకు?"

"వైరే కదా మరి."

"వైరే. ఆ వైరు మూలంగానే మా అన్నయ్య ఎదురుగా షాపు పెట్టాడు. ఏడాదైంది ఈ గుమ్మం తొక్కి. ఏడాదైంది నాతో మాట్లాడి. ఏం, ఇప్పుడు నవ్వు రావట్లేదా?"

"నాకు మాత్రం బాధ లేదా? పనిలో ఉండగా చెయ్యి దానంతటదే పక్కకి పోతుంది, 'బావా, ఆ స్క్రూడ్రైవరు ఇలా అందించు' అని. కానీ అబద్ధం ఆడకుండా షట్టరు దించాక, ఎంత హాయిగా నిద్రపడుతుందో తెలుసా?"

"తెలుసు. ఆ గురక వినేది నేనేగా."

"అన్నట్టు, బావ కూర్చునే స్టూలు ఊరికే చోటు తినేస్తోంది. పారేద్దామా?"

"ఉండనివ్వండి."

"ఎవరు కూర్చుంటారని?"

"ఉండనివ్వండన్నానా. ఫ్యాన్లు పెట్టుకోడానికి పనికొస్తుంది."

"ఒక్క ఫ్యానూ పెట్టనివ్వవుగా."

"మీరు ఊరుకోండి... ఏవండీ. అన్నయ్య రోడ్డు దాటుతున్నాడు."

"ఇటే వస్తున్నాడు. ముందా చీపురు కింద పెట్టు."

"బావా, నీకో దణ్ణం. నా కోసం ప్రార్థన చెయ్యడం మానెయ్."

"లోపలికి రా బావా. ఏం, గిరాకీ ఎక్కువైందా?"

"గిరాకీ సంగతి కాదు. మోటారు కాలిందని చెబుదామని నోరు తెరుస్తానా, ఎదురుగా నువ్వు కళ్లు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంటావు. మాట గొంతులోనే ఆగిపోతోంది. ఇప్పుడే ఒకావిడకి వైరేనని చెప్పి బిగించి పంపేశాను."

"ఆవిడేమంది?"

"నవ్వింది. పైగా నాకూ నవ్వొచ్చింది. నీ రోగం నాకూ అంటించావు బావా."

"దానికి మందు లేదు."

"తెలుస్తూనే ఉంది. ఇద్దరం వైర్లే బిగించేటప్పుడు రెండు షాపులెందుకు? ఏమ్మా, అన్నయ్య మీద ఇంకా కోపమేనా? నా స్టూలు ఉందా, పారేశారా?"

"పారేద్దామనే అన్నారు మీ బావగారు. కూర్చో అన్నయ్యా, దుమ్ముండదు. రోజూ తుడుస్తూనే ఉన్నాను."