చెక్‌పోస్టు అవతలి మంచం

కోదండరామి రేపు పొద్దున ఒమన్ పోతాడు. అందుకే ఈ సాయంత్రం బళ్ళారి గాంధీనగర్‌లో ఆయన ఇంటి అరుగు మీద బొరుగుల ఒగ్గాని, మిరపకాయ బజ్జీ. తిన్నవాళ్ళు వెంటనే లేచిపోకుండా మాటలు.

ఒమన్‌లో ఆయనకు క్రేన్లున్నాయి, బాడుగకు తిప్పుతాడు. అక్కడ యార్డులోనే ఒక రేకుల గదిలో కాపురం. పొద్దు మునిగాక తెలుగు మాట తెలిసినవాడు చుట్టుపక్కల ఒక్కడుండడు. ఏడాదంతా గొంతులో అణచుకున్న మాటలన్నీ బళ్ళారి వచ్చాక ఈ అరుగు మీదే వదులుతాడు. భార్య సుబ్బరత్నమ్మ ఇక్కడే ఉంటుంది. పిల్లల్లేరు.

వచ్చే సోమవారం ఆమె కంటికి పొర తీసే ఆపరేషన్. "సోమారం దాకా ఉండయ్యా" అని మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగింది. ఈ ఏడు ఇండియాలో ఉండగలిగిన రోజుల గడువు శనివారంతో దాటుతుందనీ, దాటితే ఒమన్ సంపాదన మీద కూడా ఇక్కడ పన్ను పడొచ్చనీ ఆడిటరు చెప్పిన సంగతి ఆమెకూ తెలుసు. తెలిసే అడిగింది. కోదండరామి చెయ్యి కడుక్కుని, మనుషుల్ని పిలవడానికి వీధిలోకి పోయాడు. నలుగురి ముందర ఆమె మళ్ళీ అడగదని ఆయన ధైర్యం.

నలుగురూ రాలేదు, ఇద్దరొచ్చారు. లారీల బ్రోకరు తిరుమలేష్ ఒకడు. కాలవ కింద వరి పండించే వెంకటప్పయ్య ఇంకొకాయన. ఆయన తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, మాట మాత్రం ఇంకా అక్కడిదే.

"ఈ గడువు గోల మీకేం తెలుసప్పా," అని మొదలుపెట్టాడు కోదండరామి. "ముందర ఆరు నెల్లు నిండకుండా ఎన్నాళ్ళన్నా ఉండొచ్చు. ఈడ ఆదాయం ఎక్కువుండే వాళ్ళకు దాన్ని నాలుగు నెల్లకు దించిరి. నాకు లారీలుండాయి గదా, తగులుకుంటి. పోయినేడు ఆడిటరు ఫోన్ చేసి 'రెడ్డీ, గడువు దగ్గర పడె, బయటికి పోవల్ల' అనె. బయటంటే ఏంది? మనం లారీలోళ్ళం. చెక్‌పోస్టు దాటితే బయటే. వేరే పర్మిటు, వేరే పన్ను, వేరే పోలీసు. అవునా కాదా తిరుమలేషూ?"

"హౌదు అన్నా," అన్నాడు తిరుమలేష్ బజ్జీ కొరుకుతూ.

"అందుకని ఏం చేస్తి? పగలంతా ఈడ పనులు చూసుకునేది. పొద్దు మునిగితే స్కూటరెక్కి చెక్‌పోస్టు దాటి, విడపనకల్లు దిక్కున మా మామ కొడుకు మిరపతోట ఉండాది చూడు, ఆ షెడ్డులో పండుకునేది. ఆంధ్రాలో నిద్ర, కర్ణాటకలో కాఫీ. ఇంక నేను ఈడ ఉండానని ఎవుడు లెక్కేస్తాడు? ఈ తెలివి బెంగళూరులో ఏ ఆడిటరుకన్నా వచ్చిందా?"

ఇంతవరకూ నిజమే. పోయినేడు రెండు నెలలు ఆయన అలాగే చేశాడు.

"రోజూ అంత దూరం వెళ్ళేవారా అండీ?" అన్నాడు వెంకటప్పయ్య, చేతిగుడ్డతో నోరు తుడుచుకుంటూ. తుడుచుకోవడమంటే లేవబోతున్నట్టే. కోదండరామి బజ్జీల పళ్ళెం ఆయన ముందుకు జరిపాడు.

"కూర్చోండి వెంకటప్పయ్యగారూ, అసలు కథ ముందరుండాది. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? పన్నోళ్ళకు ఎవుడో ఊదినాడు. ఒక ఆఫీసరు వచ్చి మూడు దినాలు మిరపచెట్ల సందున దాక్కున్యాడు. నేను చూసీ చూడనట్ల సుమ్మనే ఉంటి. నాలుగో దినం మంచాన్ని కరెక్టుగా రెండు రాష్ట్రాల గడి గీత మీదికి జరిపితి. రెండు కోళ్ళు ఆంధ్రాలో, రెండు కోళ్ళు కర్ణాటకలో. తల ఆ పక్క, కాళ్ళు ఈ పక్క. ఆఫీసరు టేపు తెచ్చి కొలిచినాడు. కొలిచి కొలిచి నడుం పట్టుకుని నా మంచం మీదనే కూలబడినాడు పాపం."

తిరుమలేష్ నవ్వాడు. ఆ నవ్వుకు కోదండరామి ప్రాణం లేచొచ్చింది. యార్డులో ఇలా నవ్వేవాడు దొరకడు.

"మరి తల ఉన్న చోటు లెక్కా, కాళ్ళున్న చోటా?" అని అడిగాడు తిరుమలేష్.

"అదే గదప్పా తగువు. తల మాది అని వాళ్ళు, కాళ్ళు మావి అని వీళ్ళు. రెండు సర్కార్ల ఆఫీసర్లు మంచానికి చెరో దిక్కు కూర్చున్యారు. ఇంక నా గురక. ముక్కు ఆంధ్రాలో ఉండాది, గురక కర్ణాటకలో వినపడుతుండాది. దాని పన్ను ఎవురికి కట్టల్ల? నేను కండ్లు తెరిచేలోపల పంచాయితీ ఢిల్లీకి పాయె."

తిరుమలేష్ ఫోన్ మోగింది. ఎక్కడో లారీ నిలబడిపోయిందట. వాడు చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు. కోదండరామి వాడి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు.

"రెండే నిమిషాలు ఆగు. ఢిల్లీ నుంచి హెలికాప్టరే వచ్చె. యాడ దిగల్ల? మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలో దిగె. రెక్కల గాలికి కారమంతా ఆకాశానికి లేసె. ఢిల్లీ పెద్దాఫీసరు తుమ్మినాడు సూడు, ఆ తుమ్ముకు నా మంచం ఎగిరి వేదావతి ఏటి నీళ్ళల్లో పడె. ఇద్దరు ఆఫీసర్లు దాన్ని పట్టుకుని ఈదుతాండారు. ఈడ కంటోన్మెంటు స్టేషన్లో రైలు ఇంజను కూడా తుమ్మి నిలబడిపాయెనంట, డ్రైవరు దిగి దాని ముక్కు తుడిచినాడంట. నేను మాత్రం పక్కకు కూడా తిరగల్యా, మంచం మీదనే ఉంటి."

"అంతటి కారం మా వరి మీద పడకుండా కాపాడారు, సంతోషమండీ," అన్నాడు వెంకటప్పయ్య.

"వినండి. పెద్దాఫీసరు ఏడ్చుకుంటా వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడినాడు. 'రెడ్డీ, ఈ రూల్సు లోకానికి గానీ నీకు కాదు. ఎన్నాళ్ళన్నా ఉండు. నిన్ను పొమ్మనేవాడు ఈ దేశంలో ల్యాడు' అనె."

నిజంగానే ఎవరైనా అలా అంటే బాగుండునని ఆయనకు అనిపించింది.

సుబ్బరత్నమ్మ టీ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఆయన చూసుకోలేదు. పొర కమ్మిన కంటిని కొంచెం చికిలించి, తడుముకుంటూ గ్లాసులు కింద పెట్టింది.

"అంత పెద్దాయన ఉండమనె గదా. మరి సోమారం దాకా ఉండు," అంది.

తిరుమలేష్ తల వంచుకున్నాడు. కోదండరామి నవ్వబోయాడు, రాలేదు.

"అది పోయినేడు మాట, రత్నా. ఈ ఏడు మళ్ళా..."

"పోయినేడు మాటే నేనూ చెప్తాండా. చెక్‌పోస్టు దాటితే ఏమి, అదీ ఇండియానే అని ఆడిటరు మొత్తుకునె. ఆ రాత్రులన్నీ లెక్కలోకే వచ్చె, పన్నూ కడితివి." ఆమె గొంతులో కోపం లేదు. "సర్కారు లెక్కలో నువ్వు ఆ రెండు నెల్లూ ఈడనే ఉంటివంట. నా ఇంట్లో మాత్రం ల్యాకపోతివి."

టీ ఎవరూ ముట్టుకోలేదు. వెంకటప్పయ్య మెల్లగా లేచి, "వస్తామండీ, జాగ్రత్తగా వెళ్ళిరండి," అన్నాడు. తిరుమలేష్ ఆయన వెనకే నడిచాడు. ఈసారి కోదండరామి ఎవరినీ ఆపలేదు.

ఇద్దరూ వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆమె వైపు తిరగకుండానే అడిగాడు.

"ఆపరేషనైనాక కంట్లో చుక్కలు వేయల్లంట గదా. ఎవురేస్తారు?"

"నేనే ఏసుకుంటా," అంది సుబ్బరత్నమ్మ. "సగం చెంప మీద పడతాయి, అంతే గదా."