సర్వరు బాబాయి వెనక్కి లాగిన పైతాన్

ఆసుపత్రిలో రక్తపరీక్షల యంత్రాన్ని నడిపే పాత లినక్స్ కంప్యూటరు మీద కొత్త పైతాన్ సాఫ్ట్‌వేరు ఎక్కించింది తానేనని, ఒకప్పుడు అక్కడి కంప్యూటర్లు చూసుకున్న సర్వరు బాబాయి తొమ్మిదేళ్ళుగా చెబుతున్నాడు. ఎదుటి టీకొట్టులో కూర్చునే మాకందరికీ ఆ కథ కంఠతా వచ్చు. ఆ రోజు ల్యాబ్ అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని మరీ వచ్చింది.

"బాబాయ్, నిన్న ఆ కంప్యూటరు డిస్కు పోయింది. లినక్స్ మళ్ళీ ఎక్కించాం గానీ మీరు కట్టిన పైతాన్ ఎక్కడా దొరకలేదు. అది లేందే రిపోర్టులు రావు. శాంపిళ్ళు వ్యానులో పక్క ఊరికి పంపితే రెండ్రోజులు పడుతోంది. మందు మార్చాలో వద్దో తెలియక పిల్లల వార్డు డాక్టరమ్మ తల పట్టుకుంది. ఎలా కట్టారో చెప్పండి."

బాబాయి గ్లాసు కింద పెట్టాడు. కోతలు కోసేటప్పుడు ఆయన ఎప్పుడూ నవ్వడు.

"కూర్చో తల్లీ. నిలబడి వినే సంగతి కాదు. ఆ యంత్రం చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది పాత లినక్స్ మీద తప్ప నడవనంటుంది, రిపోర్టు ప్రోగ్రామేమో కొత్త పైతానే కావాలంటుంది. ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెం. అందుకని కొత్తదాన్ని తెచ్చి, పాతదానికి సరిపడేలా విప్పి మళ్ళీ కట్టాలి. దాన్నే వెనక్కి లాగడం అంటాం. పూట పనే కదా అని కూర్చున్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది పనిచెయ్యాలంటే ఇంకో ప్యాకేజీ, అంటే ఇంకో చిన్న ప్రోగ్రాము, కావాలంది. అదీ కట్టాను. అది మరోటి అడిగింది. అలా నలభై!"

"పోయినసారి ఇరవై అన్నావు," అన్నాడు టీకొట్టాయన.

"అప్పుడు నీకు పాలు పొంగుతున్నాయని ఇరవై దగ్గర ఆపాను. నిజానికి నాలుగొందలు."

"ఏది ముందు, ఏది వెనక? ఎక్కడైనా రాసుకున్నారా?" అంది అమ్మాయి.

"రాయడమా? నా బుర్రే పుస్తకం. పదకొండు రోజులు కుర్చీలోంచి లేవలేదు. కీబోర్డు మీద అక్షరాలు అరిగి నా వేళ్ళకి అంటుకున్నాయి. మీ పిన్ని కేరేజీ తెస్తే మూత మీద ఏబీసీడీలు అచ్చుపడ్డాయి. చివరికి, రాసినదాన్ని సున్నాలూ ఒకట్లుగా మార్చే కంపైలరు కూడా చేతులెత్తేసింది. సరే, నువ్వు పక్కకి జరగమని నేనే మొదలెట్టాను, నోటితో. ఊపిరి పీలిస్తే సున్నా, వదిలితే ఒకటి. మూడు పగళ్ళు అలాగే! ఆఖర్న కాస్త గట్టిగా లాగాను చూడు, మూడేళ్ళు వెనక్కి రావాల్సింది పదేళ్ళు వచ్చేసింది. గోడ గడియారం ఎదురు తిరిగింది. రిటైరైన హెడ్‌క్లర్కు వచ్చి హాజరుపట్టీలో సంతకం పెట్టాడు. ఇదిగో, ఈ బట్టతల నిండా జుట్టు! సూది గుచ్చకముందే రిపోర్టు వచ్చింది. ఆ రోగి ఇంకా ఇంట్లోనే ఉన్నాడు, వాడికి జ్వరమే రాలేదు!"

ఎప్పుడూ ఇక్కడే నవ్వేవాళ్ళం. ఆ అమ్మాయి మొహం చూస్తే మాకెవరికీ నవ్వు రాలేదు. ఆమె పుస్తకంలో ఒక్క ముక్కా రాయలేదు.

"బాబాయ్, లేవండి. ల్యాబులో కుర్చీ ఖాళీగానే ఉంది. నాలుగొందలు వద్దు, మొదటిదొక్కటి కట్టి చూపించండి. మిగతావి నేను చూసి నేర్చుకుంటాను."

బాబాయి లేవలేదు. మాకు ఆయన మీద జాలేసింది.

"నాకు కట్టడం రాదమ్మా," అన్నాడు మెల్లగా. "వారం రోజులు తంటాలు పడ్డాను. తల ప్రాణం తోకకొచ్చింది. ఇక దిక్కుతోచక నెట్‌లో లినక్స్ తెలిసినవాళ్ళ గ్రూపొకదానికి మెయిలు రాశాను. ఎవరో ముక్కూమొహం తెలియనాయన, మర్నాటికల్లా మొత్తం కట్టి పంపాడు. ఏది ముందో ఏది వెనకో వరసగా రాసి మరీ పంపాడు. ఆ మెయిలు నా దగ్గరుంది."

"మరి ఆ మాట ముందే చెప్పొచ్చు కదా!"

"ఎలా చెప్పను? పనిచేసిందో లేదో ఒక్కమాట తెలియజెయ్యమని చివర్లో అడిగాడు. నేనా మాట కూడా రాయలేదు. అప్పటికే ఇక్కడ కూర్చుని, నేనే కట్టానని చెప్పేశాను."

ల్యాబ్ అమ్మాయి పుస్తకం మూసి సంచిలో పెట్టుకుంది.

"ఆ మెయిలు నాకు పంపండి బాబాయ్. ఆయనకి జవాబు నేను రాస్తాను."