డేరాలో కుంపటి

మూడు రోజులైనా వాన తెరిపి ఇవ్వలేదు. రోడ్డు పనివాళ్ళ డేరాల్లో ఒకదాని ముందు, జల్లుకు రేకు అడ్డం పెట్టుకుని అత్త కుంపటి మీద జావ కాస్తోంది. లోపల కోడలు చంటిపిల్లను పొదువుకుని కూర్చుంది.

"అత్తయ్యా, జావ దించాక ఆ కుంపటి లోపలికి జరుపు. పిల్ల ఒళ్ళు మంచులా ఉంది."

"జరపను. పిల్లను రవికెలో దోపుకుని నా దుప్పటి కూడా కప్పుకో."

"ఉత్త నిప్పులే కదా, పొగైనా లేదు. తలుపు గుడ్డ దించేస్తే వెచ్చగా ఉంటుంది."

"పొగ లేదనే మా చెల్లెలూ అనుకుంది. కిందటేడు ఇలాంటి వానలోనే, వంటయ్యాక కుంపటి లోపల పెట్టుకుని మొగుడూ పెళ్ళాం కునుకు తీశారు. మధ్యాహ్నం పనికి పిలిస్తే లేవలేదు. నిద్రపోతున్నట్టే ఉన్నారే తల్లీ ఇద్దరూ."

"తిండి వికటించి పోయారన్నావుగా?"

"అందరికీ అలాగే చెప్పాను."

"నాకు కూడానా? ఎందుకత్తయ్యా?"

అత్త గరిటె తిప్పుతూనే ఉంది. కోడలి వైపు చూడలేదు.

"జల్లు కొడుతోంది, పోతూ పోతూ తలుపు గుడ్డ కట్టెయ్యి అక్కా, అంది. గాలి దూరకుండా బయటినుంచి ముడి మీద ముడి వేసింది నేనే."