చెవిగారి మాట మేము వినని రోజు

1991 ఆగస్టు పన్నెండో తేదీ, సోమవారం ఉదయం, ఇరవై నాలుగేళ్ల వయసులో టైపిస్టుగా మా సంస్థలో అడుగుపెట్టి, ముప్పై నాలుగేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్న మా పరీక్షా విభాగాధిపతిని గురించి నాలుగు మాటలు రాసి ఈ వీడ్కోలు సభలో చదివే బాధ్యతను, ఇరవై ఆరేళ్లు పక్క గదిలో పనిచేసిన నాకు అప్పగించారు. గౌరవంగానే స్వీకరించాను, సంతోషంగా మాత్రం రాయలేకపోతున్నాను.

అంధులకు కంప్యూటరులోని అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మాది. చేరిన ఆరో ఏట పరీక్షా విభాగానికి మారిన వారు, మెట్ల కింది గదిలో ఏడు పాత కంప్యూటర్లను నిలబెట్టి, ప్రతి కొత్త వెర్షన్‌నూ వాటన్నింటిపైనా తెర ఆపేసి, కళ్లు మూసుకుని, కేవలం వింటూ పరీక్షించడం నియమంగా పెట్టుకున్నారు. అందుకే మా అందరికీ వారు ‘చెవిగారు’. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు; వారికి తెలియని సంగతీ కాదు.

ఒకసారి కొత్త ఇంజనీరు ఒకరు, "అంతా బాగానే ఉంది మేడమ్, చూశాను" అన్నారు.

"చూశావా? అయితే ఇంకా పరీక్షించలేదన్నమాట" అంటూ చెవిగారు తమ శాలువా తీసి ఆయన తెరపై కప్పి, "ఇప్పుడు ఒక ఉత్తరం తెరువు నాయనా" అన్నారు. పావుగంట తిప్పలు పడి ఆయన తెరిచింది, ఆఫీసు ఉమ్మడి ఫోల్డరులో ఉన్న నా సెలవు దరఖాస్తు. తెరిచి ఊరుకోక చెరిపేశారు కూడా. ఆ వారం నా ప్రయాణం అటకెక్కింది.

పదకొండేళ్ల క్రితం, పాత ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కంప్యూటర్లకు మా సాఫ్ట్‌వేర్‌ను ఇంకా అందించాలా, ఆపేయాలా అన్న ప్రశ్న సమావేశానికి వచ్చింది. ఆపాలన్నవారి వాదన తీసిపారేయదగినది కాదు. ఆ పాతదాని కోసం మా ప్రతి వెర్షనూ మూడు వారాలు ఆలస్యమయ్యేది; దాన్ని తయారుచేసినవారే మరమ్మతులు మానేశారు. నలభై వేల మందిలో అది వాడుతున్నవారు పందొమ్మిది మందేనని నేను పట్టిక చూపించాను. కంప్యూటర్లు ఇంటర్నెట్ ద్వారా తమంతట తాము పంపే సమాచారంతో వేసిన లెక్క అది.

"సార్, నెట్టే లేని కంప్యూటరు ‘నేనున్నాను’ అని మీకెలా చెబుతుంది?" అని చెవిగారు అడిగారు. "నాకు ఫోన్లు వస్తున్నాయి. ఒక్క ఏడాది ఆగండి. వాళ్లందర్నీ వెతికి కొత్తదానికి మార్పిస్తాను."

చెవిటివాని ముందు శంఖం ఊదినట్టయింది. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు ఉండగా, అధ్యక్షుడిగా నా ఓటుతో ఆపేశాం.  మర్నాడు వారు ఆ ఏడు కంప్యూటర్లనూ స్వయంగా తుడిచి స్టోరుకు పంపారు.

ఈ వ్యాసానికి వివరాల కోసం పోయిన వారం వారింటికి ఫోన్ చేస్తే, వారి అమ్మాయి ఎత్తింది.

"అమ్మ శనివారాలు ఎక్కడికెళ్లేదో మీకు తెలీదా అంకుల్?" అంది.

మా సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకున్న ఒక అంధ న్యాయవాది ఉన్నారట. కక్షిదారుల రహస్యాలు బయటకు పొక్కకూడదని కంప్యూటరుకు నెట్ పెట్టించుకోలేదు. ఆయన బ్రెయిలీ పరికరం కొత్త కంప్యూటర్లకు అతకదు; అతికేలా చేయాలంటే మా సంస్థే పూనుకోవాలి. మేము ఆపేశాక, కొత్త తరహాలో వస్తున్న పత్రాలను మా పాత వెర్షన్ చదవలేక మూగబోయింది.

"అమ్మే వెళ్లి ఆ కాగితాలన్నీ చదివిపెట్టేది అంకుల్. రెండేళ్లు. గొంతు బొంగురుపోయి వచ్చేది. ఆఫీసులో ఎవరి మీదో అరిచిందనుకునేవాళ్లం. కానీ వారానికి ఒక్కరోజు చదివితే కేసులు నడుస్తాయా? ఆయన ప్రాక్టీసు మానేశారు. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు."

రెండేళ్లపాటు ప్రతి సోమవారం వారు నాకు నమస్కారం చెప్పి తమ గదిలోకి వెళ్లారు. ఒక్కనాడూ ఈ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకోవడం, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

అమ్మా, మీరడిగిన ఆ ఒక్క ఏడాది ఇచ్చి ఉండవలసింది. నా లెక్క తప్పు, నా ఓటు తప్పు. పదకొండేళ్లు ఆలస్యంగా, మీ కుటుంబ సభ్యుల సమక్షంలో, సహోద్యోగులందరి ఎదుట క్షమాపణ కోరుతున్నాను.

మీరు ఇంటిల్లిపాదితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు జీవించాలని మనసారా కోరుకుంటున్నాను. ఆ న్యాయవాదిగారు కూడా అలాగే జీవించాలని కోరుకునే అర్హత నాకుందో లేదో తెలియదు, అయినా కోరుకుంటున్నాను.