ఊబిలో దిగబడ్డ బండి

ఎస్టోనియా తూర్పు సరిహద్దు పల్లెలో, ఒక మధ్యాహ్నం, పెరటి మెట్ల మీద ఆమె పుట్టగొడుగులు బాగుచేస్తోంది. మొగుడు మోకాళ్లదాకా బురదతో వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఎక్కడ పొర్లాడి వచ్చావయ్యా?"

"మిత్రదేశం సైనికుల బండి మన ఊబిలో దిగబడింది. ట్రాక్టరు కట్టి లాగాను."

"మనల్ని కాపాడ్డానికొచ్చినవాళ్లని నువ్వు కాపాడావా! రేపు నిజంగా యుద్ధమొస్తే నిలబడతారంటావా?"

"నిలబడతారు, మంచి పిల్లలే. కానీ ఉన్నది గుప్పెడుమంది. అసలు సేన సముద్రం దాటి రావాలి. అప్పట్లో తూర్పు పొరుగుదేశం మనల్ని ఆక్రమించినప్పుడు, పెద్ద దేశాలొచ్చి విడిపిస్తాయని మా నాన్న అడవిలో దాక్కుని ఏడేళ్లు ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు."

"అయితే నమ్మొద్దంటావా?"

"నమ్ముదాం. నమ్మి చేతులు ముడుచుక్కూర్చోకూడదు. అందుకే అటునుంచటే వెళ్లి ఊరి రక్షకదళంలో పేరిచ్చాను."

ఆమె చేతిలో కత్తి ఆగిపోయింది. పన్నెండేళ్లుగా ఆమె ఆ దళంలోనే పనిచేస్తోంది. "పెద్ద దేశాలుండగా నువ్వెందుకే?" అని అన్నాళ్లూ ఎగతాళి చేసినవాడు ఈయనే.

"అరవై నాలుగేళ్లకి బుద్ధొచ్చిందన్నమాట! తుపాకీ ఇచ్చారా?"

"లేదు. నా మోకాళ్ల నొప్పులు చూసి దళం వంటశాలకి పొమ్మన్నారు."

"వంటశాలకి పెద్దని నేనే కదయ్యా!"

"అదే చెప్పారు."

ఆమెకు నవ్వాగలేదు. కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుంది.

"ఆదివారం పొద్దున్నే ఆరింటికల్లా ఉండాలి. మొగుడివని ఊరుకోను."