ఎనభై ఆరు వేల నాలుగు వందల సార్లు తలుపు తట్టినవాడు

"నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదని మీకందరికీ తెలుసు" అంటూ మొదలుపెట్టాడు లెక్కలబ్బాయి, బ్లడ్ బ్యాంకు ఎదురుగా ఉన్న టీ కొట్టులో రెండు బల్లల మధ్య నిలబడి.

వయసు ఇరవై మూడు. అంకె కనిపిస్తే చాలు, దాన్ని దేనితోనో ఒకదానితో హెచ్చవేసేదాకా ఊరుకోడు కాబట్టి ఆ పేరు. టీ కొట్టు నడిపేది అతని సొంత పిన్ని. అతను ఉండేదీ ఆవిడ ఇంట్లోనే. ఒక బల్ల దగ్గర అంబులెన్సు నడిపే మామయ్య. గోడవారగా, భుజాన వైరు చుట్టతో, ఇంటర్నెట్ లైన్లు చూసే కేబులాయన. ఎదురుగా కుర్చీలో బ్లడ్ బ్యాంకు డాక్టరమ్మ. అసలు కథంతా ఆవిడ కోసమే. ఎవరిది ఏ గ్రూపు రక్తమో, ఎవరి ఫోను నంబరేదో అన్నీ ఉన్న బ్యాంకు సర్వరుని ఇకపై ఎవరి చేతిలో పెట్టాలో ఆవిడ ఈ సాయంత్రంలోగా తేల్చాలి. ఒక నెల చూసుకో అని లెక్కలబ్బాయికి ఇచ్చిన గడువు ఇవాళ్టితో అయిపోతుంది. ఒక పెద్ద కంపెనీ వాళ్ళ కాగితాలు సంతకానికి సిద్ధంగా ఆవిడ ఒళ్ళోనే ఉన్నాయి.

"మొదటి రోజు సంగతి చెబుతా. చాలా చిన్న సంగతి. సర్వరంటే ఏం లేదు మామయ్యా, తలుపున్న గది అనుకో. తాళం మాట తెలిసినవాళ్ళకే తెరుచుకుంటుంది. ఎవరొచ్చి తట్టారో, ఏ మాట చెప్పి చూశారో, ఏ నంబరు నుంచి వచ్చారో, సెకన్లతో సహా అది తనే రాసిపెట్టుకుంటుంది. నంబరంటే, ఇంటర్నెట్లో ఉన్న ప్రతిదానికీ మన ఇళ్ళకున్నట్టే ఒక నంబరుంటుంది కదా, అదన్నమాట. ఆ చిట్టా ఎవరూ చదవరు. నేను చదివా. పళ్ళు తోముకుంటూ తెరిచా, నురగ నోట్లోనే ఉండిపోయింది. ఒక్క రోజులో మూడు వందల పన్నెండు సార్లు తట్టారు! ఆరు నంబర్ల నుంచి! నంబరుకి యాభై రెండు!"

"పోలీసులకి చెప్పలేకపోయావా?" అన్నాడు అంబులెన్సు మామయ్య.

"ఇది వేరే పద్ధతి మామయ్యా. ప్రతి నంబరుకీ ఎక్కడో ఒక యజమాని కంపెనీ ఉంటుంది. వాళ్ళకి మర్యాదగా రాయాలి. అయ్యా, తమ నంబరు నుంచి ఫలానా తేదీన, ఫలానా సెకనులో మా తలుపు తట్టారు, సాక్ష్యం కింద జతచేశాను, దయచేసి చూడగలరు, అని. ఆ తర్వాత సర్వర్లు కాసేవాళ్ళందరికీ ఒక ఉమ్మడి జాబితా ఉంది, ఆ నంబరుని అందులో ఎక్కించాలి. అది చూసి మిగతావాళ్ళు కూడా ఆ నంబరు మొహం మీదే తలుపేస్తారు. ఆరు ఉత్తరాలు రాశా. మధ్యాహ్నం భోజనం వేళకి ఆరూ నోరు మూసుకున్నాయి. ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైతే నన్ను అడగండి."

డాక్టరమ్మ తలాడించింది. "రెండు నెలల క్రితం ఇలాగే ఎవరో తట్టి తట్టి మా సర్వరుని సగం రోజు పడుకోబెట్టారు."

"ఆ రోజు నేను మర్చిపోతానా?" అన్నాడు అంబులెన్సు మామయ్య. "ఒక బాలింతకి రక్తం కావాలి. లిస్టు తెరుచుకోదు. పాత రిజిస్టరు పట్టుకుని తొమ్మిది ఇళ్ళకి బండి తిప్పా. పదో ఇంట్లో దొరికాడు మనిషి. ఇంకో అరగంట అయితే ఏమయ్యేదో."

ఆ మాటతో అందరి చూపూ మామయ్య వైపు తిరిగింది. లెక్కలబ్బాయికి అది నచ్చలేదు. గొంతు పెంచాడు.

"ఇప్పుడు నేనున్నా కదా! వారం తిరిగేసరికి నాకు చిట్టా చూసే పని కూడా లేకుండా పోయింది. తట్టు వింటే చాలు, ఏ నంబరో చెప్పేసేవాణ్ణి."

"దానికి చప్పుడు కూడా ఉంటుందిట్రా?" అంది పిన్ని, గ్లాసులు కడుగుతూనే.

"నీకు వినపడదు పిన్నీ, చెవికి అలవాటుండాలి. పొగరున్న నంబరు టకటకా తట్టి ఒకసారి దగ్గుతుంది. కొత్తగా దొంగతనంలోకి దిగిందైతే తట్టబోయి వెనక్కెళ్ళి చెప్పులు విప్పి వస్తుంది. అలా వినడం, ఇలా ఉత్తరం రాయడం. రోజుకి నూట నలభై ఉత్తరాలు. అంటే వారానికి తొమ్మిది వందల ఎనభై. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయాయి. రెండో కీబోర్డు తెచ్చా, అదీ అరిగిపోయింది. మూడోది పెట్టెలోంచి తీయగానే నా మొహం చూసి తనే టైపు చేసుకోవడం మొదలుపెట్టింది."

"దాన్నే ఉద్యోగంలో పెట్టుకుంటే పోలా?" అంది డాక్టరమ్మ. పెదవి చివర నవ్వు దాగలేదు.

"దానికి లెక్కలు రావు డాక్టరమ్మా. వినండి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా ఉత్తరాలకి పేరొచ్చేసింది! ఒక కంపెనీలో నా ఉత్తరం వస్తే పెద్దాఫీసరు లేచి నిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, పైకి చదువుతాడట. కిందివాళ్ళు నోట్సు రాసుకుంటారట. ఇంకోచోట ఒక నంబరు, పాపం అదీ రెండు వందల సార్లు తట్టిందే, నేను రాయబోతున్నానని తెలిసి తన మీద తనే ఫిర్యాదు రాసుకుని నాకు పంపింది. సాక్ష్యం జతచేసి మరీ! ఒక్క తప్పు లేదు. దిద్దకుండా సంతకం పెట్టి పంపేశా."

"ఓరి నాయనో!" అన్నాడు అంబులెన్సు మామయ్య. నమ్మడం లేదని మొహం చెబుతోంది, ఆగొద్దని కళ్ళు చెబుతున్నాయి.

"ఇంకో ముఠా ఉంది. నలభై మంది, నాలుగు షిఫ్టులు. వాళ్ళైతే గోడకి కాగితం అంటించుకున్నారు. ఆ బ్లడ్ బ్యాంకు వైపు ఎవరూ వెళ్ళొద్దు, మనం పిల్లాజెల్లా ఉన్నవాళ్ళం, అని."

"ఆ కాగితం నువ్వెప్పుడు చూశావు?"

"చూడ్డమెందుకు మామయ్యా, వాళ్ళలో ఒకడే చెప్పాడు! మనసు మారి, దొంగతనం మానేసి, ఇక్కడికే వచ్చి రక్తం ఇస్తానని పేరు రాయించుకున్నాడు. ఓ నెగటివ్! డాక్టరమ్మా, లిస్టు చూసుకోండి."

"చూస్తాను" అంది డాక్టరమ్మ. "వృత్తి అనే గడిలో ఏం రాశాడు?"

"మాజీ" అన్నాడు లెక్కలబ్బాయి, రెప్ప వేయకుండా.

పిన్ని నవ్వాపుకోలేక గ్లాసు జారవిడిచింది. ఆ నవ్వుతో అతనికి రెక్కలొచ్చాయి. చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఇదంతా పక్కన పెట్టండి. అసలుది ఈ సోమవారం దిగింది. ఏడు సముద్రాల అవతలి నుంచి! ఇన్నాళ్ళూ నేను పట్టినవన్నీ చిల్లర దొంగలు. వీడు వేరు. తిండి లేదు, నిద్ర లేదు, దగ్గడం లేదు, ఆగడం లేదు. పొద్దున లేచి చిట్టా తెరిస్తే అది తెరుచుకోవడానికే పావుగంట పట్టింది. సోమవారం ఒక్క రోజులో ఎన్నిసార్లు తట్టాడో చెప్పుకోండి! ఎనభై ఆరు వేల నాలుగు వందల సార్లు! ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు! నెల రోజులు వదిలేస్తే పాతిక లక్షల తొంభై రెండు వేలు! సర్వరు వేడికి గదిలో గోడ సున్నం చెమటలు పట్టింది. దాని పక్కన పెట్టిన చెంబులో నీళ్ళు మరిగితే నర్సమ్మలు వాటితో సూదులు శుభ్రం చేసుకున్నారు."

"మావి ఒకసారి వాడి పారేసే సూదులు" అంది డాక్టరమ్మ.

"అయితే టీ పెట్టుకున్నారు. అది కాదు ముఖ్యం. నేను కూర్చున్నా. కుడి చేత్తో ఉత్తరం, ఎడమ చేత్తో సాక్ష్యం, మోచేత్తో జాబితా! ఆ ఊపుకి లేచిన గాలికి పైన ఫ్యాను వెనక్కి తిరిగింది, కిటికీ అవతల ఎండుతున్న బట్టలు వాటంతటవే మడతపడ్డాయి. ఎనభై ఆరు వేల నాలుగు వందల వరసల సాక్ష్యం జతచేసి పంపించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అరగంట! సరిగ్గా అరగంటలో వాడు గుటుక్కుమన్నాడు. వాడు ఆగడం ఏంటి, ప్రపంచంలో ఇంటర్నెట్ అంతా ఒక్కసారి హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది! సముద్రం అడుగున వైర్ల మీద పాకే పీతలకి కాళ్ళు చల్లబడ్డాయి. ఎక్కడో ఒక ముసలాయన ఫోనులో పద్దెనిమిదేళ్ళుగా గిరగిరా తిరుగుతున్న సున్నా టక్కున ఆగి, మనవరాలు పుట్టినప్పటి ఫోటో తెరుచుకుంది. ఆయన ఆ ఫోటో తీసుకెళ్ళి చూపిస్తే, తాతా, నేను కాలేజీకి వెళ్ళాలి అడ్డులే, అందిట ఆ అమ్మాయి!"

అంబులెన్సు మామయ్య బల్ల చరిచాడు. పిన్ని చేతులు తుడుచుకుని చప్పట్లు కొట్టింది. డాక్టరమ్మ కూడా నవ్వేసింది.

"ఎనభై ఆరు వేల నాలుగు వందలా?" అన్నాడు కేబులాయన. ఇందాకటి నుంచి ఆయన నోరు విప్పడం ఇదే మొదటిసారి.

"అక్షరాలా, కేబులన్నా."

"లెక్కల్లో దిట్టవి కదా. రోజుకి ఎన్ని సెకన్లు బాబూ?"

లెక్కలబ్బాయి ఠక్కున చెప్పబోయాడు. అరవై అరవైలు మూడు వేల ఆరు వందలు. దాన్ని ఇరవై నాలుగుతో... తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"సెకనుకి ఒక్కటి" అన్నాడు కేబులాయన. "ఇంత క్రమశిక్షణ ఉన్న దొంగని నేనెక్కడా చూడలేదు. సర్వరు బాగుందా లేదా అని నీ ఇంటి నుంచి పలకరించే ప్రోగ్రాం ఏమైనా పెట్టావా?"

"పెట్టా. సెకనుకోసారి లోపలికెళ్ళి చూసొస్తుంది."

"తాళం మాట ఈమధ్య మార్చారా అమ్మా?"

"ఆదివారం మార్చాం" అంది డాక్టరమ్మ. "కొత్తది ఇతనికి ఇచ్చాం కూడా."

"ఇతనికి ఇచ్చారు. ఇతను ప్రోగ్రాంకి ఇవ్వలేదు. అది పాత మాటే పట్టుకుని సెకనుకోసారి పోయి తలుపు తట్టింది." కేబులాయన వైరు చుట్ట కింద పెట్టాడు. "పోయిన వారం వాళ్ళింట్లో నెట్ పెట్టె మార్చింది నేనే. దాంతో వాళ్ళ నంబరూ మారింది. అందుకే ఇతను తన నంబరునే గుర్తుపట్టలేదు. ఇతని ఉత్తరం పై ఆఫీసుకి వెళ్ళి, అక్కడి నుంచి నా చేతికొచ్చింది. ఏడు సముద్రాలు కాదమ్మా, ఈ వెనక సందు. మంగళవారం ఆ లైను పీకింది కూడా నేనే. చెబుదామనే వచ్చా, మధ్యలో కథ ఆపబుద్ధి కాలేదు."

"ఒరేయ్!" పిన్ని చేతిలో గరిటె లేచింది. "మూడు రోజులుగా ఇంట్లో నెట్ రాకపోతే వానకి పోయిందన్నావు! నా ఇంటినే తీసుకెళ్ళి దొంగల జాబితాలో ఎక్కించావా?"

అంబులెన్సు మామయ్యకి నవ్వి నవ్వి పొలమారింది. లెక్కలబ్బాయి బల్ల మీద కూలబడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి. డాక్టరమ్మ వైపు చూడలేక ఆవిడ ఒళ్ళో ఉన్న కంపెనీ కాగితాల వైపు చూశాడు. ఆవిడ వాటిని చేతిలోకి తీసుకుంది, పెన్ను మూత తీసింది.

"ఒక్క మాట చెప్పనివ్వండమ్మా" అన్నాడు కేబులాయన. "ఏడేళ్ళుగా ఈ ఫిర్యాదులు చూస్తున్నా. మీవాడెవడో మమ్మల్ని సతాయిస్తున్నాడు, కాస్త మందలించండి, అని రాస్తారు. టైముండదు, నంబరుండదు, ఎవణ్ణని మందలించను? ఈ ఉత్తరంలో సెకన్లతో సహా ఉంది. చదివిన అరగంటలో దొంగ ఇంటి గుమ్మంలో నిలబడ్డా. దొంగ ఇతనే, అది వేరే సంగతి."

డాక్టరమ్మ సంతకం పెట్టబోయిన పెన్ను ఆపింది.

"ఈ నెల్లో మా సర్వరు ఒక్క నిమిషం కూడా ఆగలేదు" అంది. "అది నాకు తెలుసు. పైవాళ్ళకి చూపించడానికి ఒక అంకె కావాలి. పీతలూ, కీబోర్డులూ వద్దు అబ్బాయ్. నిజంగా ఎన్ని నంబర్లు మూయించావు?"

లెక్కలబ్బాయి మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు. ఇంత చిన్న గొంతు అతనికుందని పిన్నికి కూడా తెలియదు.

"నలభై ఒకటి."

"అంతేనా?" అన్నాడు అంబులెన్సు మామయ్య, ఉండబట్టలేక.

"మా ఇంటిది కలుపుకుంటే నలభై రెండు."

డాక్టరమ్మ కంపెనీ కాగితాలు వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు పెద్ద అక్షరాలతో రాసుకుంది: నలభై రెండు.