ఏడో అధ్యాయం పక్కన రాసిన మాటలు

సభకు వచ్చిన అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న ఆయన భార్యకు, స్టూడియోలో అద్దానికి అవతల కూర్చుని ఇరవై రెండేళ్ళు ఆయన్ని భరించిన సౌండ్ ఇంజనీరుగారికి, ఆయన శ్రోతలకు, ఆయన పుస్తకం చదివినవాళ్ళకు, చదివి తిట్టినవాళ్ళకు, చదవకుండానే తిట్టినవాళ్ళకు, అందరికీ నమస్కారం.

ఇది లైబ్రరీ. ఈ హాల్లో ఎవరైనా గొంతు పెంచితే ముప్పై ఏళ్ళుగా కోప్పడుతున్నదాన్ని నేనే. ఇవాళ నేనే మైకు పట్టుకున్నాను. రేడియో స్టేషన్ వాళ్ళు తమ హాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. గొడవలవుతాయని భయపడ్డారట. అందుకని బల్లలు గోడవారకు జరిపి, పేపర్లు పెట్టే స్టాండు మీద ఆయన ఫొటో పెట్టి, ఇక్కడే కూర్చున్నాం. కుర్చీలు చాలక నిలబడ్డవాళ్ళు క్షమించాలి.

ఆయన పోయి పదకొండు రోజులైంది. ఆదివారం సాయంత్రం గుండెలో నొప్పి అన్నారు, సోమవారం పొద్దున్నకి మనిషి లేరు. అంతే. ఎవరికీ ఏమీ చెప్పడానికి సమయం లేదు, వినడానికి అసలే లేదు.

మిత్రులారా, పోయినవాళ్ళకి రాత్రికి రాత్రే మంచి గుణాలు మొలుస్తాయి. నేను ఆ పని చెయ్యను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆయన నోరు మంచిది కాదు. ఊరంతా ఆయన్ని నోటిదూల అనేది, ఆయనా ఆ పేరు బిరుదులా తగిలించుకుని తిరిగేవారు. పొద్దున్నే రేడియోలో కూర్చుని దొంగ పేర్లతో ఫోన్లు చేసి ఆటపట్టించడంలో మంత్రిని వదల్లేదు, డాక్టర్ని వదల్లేదు, సొంత మామగారినీ వదల్లేదు. రెండుసార్లు సస్పెండయ్యారు. ఒకసారి స్టేషన్ అద్దాలు పగిలాయి. అయినా మనమెవరం రేడియో కట్టేశాం? చెప్పండి, ఎవరం కట్టేశాం? తిట్టుకుంటూ విన్నాం. నవ్వుకుంటూ విన్నాం.

రిటైరయ్యాక ఆయన తన కథ రాసుకున్నారు. 'నోరు జారిన రోజులు'. అచ్చయిన వారానికి ఒక కాపీ చంకలో పెట్టుకుని నా కౌంటరు దగ్గరికి వచ్చారు. విరాళం ఫారం నింపమన్నాను. నేనెవరో తెలుసా అన్నట్టు చూశారు. తెలుసు, అయినా నింపండి అన్నాను. వృత్తి అన్న చోట 'నోటిదూల' అని రాశారు. కొట్టేయించి మళ్ళీ రాయించాను. అప్పటి నుంచి నన్ను అక్కగారూ అనేవారు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. అరిచేవాళ్ళంతా తనకి అక్కలేనని ఆయన లెక్క.

ఆ కాపీ ఒక్కరోజు కూడా అలమారలో నిలవలేదు. మూడు నెలలు తిరిగేసరికి దాని అంచుల నిండా జనం రాతలు. పుస్తకాల్లో రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కానీ అవేం రాతలండీ! ముప్పయ్యో పేజీలో నీలం సిరా: 'అబద్ధం, ఆ రోజు నేనక్కడే ఉన్నాను.' దాని కింద ఆకుపచ్చ సిరా: 'ఉండి ఏం పీకావు?' ఇంకెవరో ఎర్ర సిరాతో అచ్చుతప్పులన్నీ దిద్ది, చివరి పేజీలో నూటికి ముప్పై ఎనిమిది మార్కులు వేశారు. ఒక చోట ఒకావిడ 'ఈయన భార్యని తలుచుకుంటే జాలేస్తోంది' అని రాసింది. దాని కింద పెన్సిల్‌తో 'నిజమే' అని ఈయనే రాశారు. అమ్మా, ఈ సంగతి మీకు చెప్పాలనిపించింది.

నేను రబ్బరు తీసుకుని కూర్చున్నాను. ఆయన పరిగెత్తుకొచ్చారు. "చెరపకండి అక్కగారూ. రేడియోలో ఎవరైనా నన్ను తిడితే మీట నొక్కి ఫోను కట్ చేసేవాణ్ణి. ఇక్కడ నా చేతిలో మీట లేదు. నన్ను విననివ్వండి" అన్నారు. ఆ మాటకి నేను మెత్తబడ్డాను. అది నా మొదటి తప్పు అనుకున్నాను అప్పట్లో. కాదు, నా తప్పు ఆ తర్వాత వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం పదకొండు గంటలకి వచ్చేవారు. కిటికీ పక్క బల్ల. పుస్తకం ఎవరూ ఇంటికి తీసుకెళ్ళకుండా ఇక్కడే ఉంటే తీసుకుని, అచ్చు వదిలేసి అంచులు మాత్రం చదివేవారు. తన మీద వచ్చిన తిట్లకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. కొత్త తిట్టు లేని వారం మొహం వేలాడేసుకుని వెళ్ళేవారు.

ఇప్పుడు ఏడో అధ్యాయం గురించి చెప్పాలి. చెప్పకపోతే ఇక నాకు నిద్ర లేదు.

ఆ అధ్యాయం మీలో చాలామందికి తెలుసు. పద్నాలుగేళ్ళ కిందట ఆయన రేడియోలోంచి నీళ్ళ సరఫరా ఆఫీసుకి ఫోను చేశారు. ఫిర్యాదులు రాసుకునే గుమస్తా ఎత్తాడు. ఆ గుమస్తాకి నత్తి. ఈయన వెంటనే తనూ నత్తిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మా కుళాయిలో నీళ్ళకి బదులు మా మామగారి గొంతు వస్తోందని, ఒక్కో అక్షరం దగ్గరా ఆగుతూ చెప్పారు. ఊరంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ గుమస్తా ఏమన్నాడో గుర్తుందా? "కంగారు పడకండి సార్. నాకూ ఇంతే. నెమ్మదిగా చెప్పండి, నేను వింటాను" అన్నాడు. అవతలి మనిషికి కూడా తనలాగే నత్తి అనుకున్నాడు. ఓదార్చాడు. అక్కడ ఊరు ఇంకా గట్టిగా నవ్వింది. పుస్తకంలో ఆయన దాన్ని తన ఉద్యోగంలోకెల్లా పెద్ద నవ్వుగా రాసుకున్నారు. ఆయనకి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ అధ్యాయాన్ని మెచ్చుకున్నవే.

నేను కూడా నవ్వాను. అప్పుడు రేడియోలో విని ఒకసారి, పుస్తకంలో చదివి ఇంకోసారి. ఇక్కడ నిలబడి ఒకరి మీద వేలెత్తి చూపే హక్కు నాకు లేదు.

ఒక మంగళవారం ఆయన ఆ పేజీ తెరిచారు. అంచున చిన్న చిన్న అక్షరాలు. నేను తర్వాత ఎన్నోసార్లు చదివాను, కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతున్నాను. 'ఆయన మా నాన్న. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, ఇవాళ నాలాంటి మనిషి ఒకాయన ఫోన్ చేశాడు అని సంతోషంగా చెప్పాడు. మర్నాడు ఆఫీసులో వాళ్ళు రికార్డు వేసి వినిపించారు. తర్వాత ఆయన ఏ ఫోనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఇంట్లో ఫోన్ మోగితే పక్కగదిలోకి వెళ్ళిపోతాడు.'

ఒంటిగంటకి నేను భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన అదే పేజీ ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి, "అతను నన్ను ఓదార్చాడు అక్కగారూ. నేను దాన్ని పద్నాలుగేళ్ళు అమ్ముకుని తిన్నాను" అన్నారు.

దాని కింద పెన్సిల్‌తో నా కళ్ళ ముందే రాసి వెళ్ళారు: 'నేనే. మీ నాన్నగారి దగ్గరికి రావచ్చా?' మూడు వారాల తర్వాత జవాబు వచ్చింది. 'ఎందుకు? ఇంకో జోకు కోసమా?' ఆయన ఒక్క మాట రాశారు. 'వినడానికి.' ఆ తర్వాత ఆ అంచున కొత్త అక్షరం పడలేదు.

ఆ రాసింది ఎవరో నాకు తెలుసు. పుస్తకం ఎవరు ఎప్పుడు తీసుకెళ్ళారో నా దగ్గర చీటీ ఉంటుంది. ఆ రాత కనబడ్డ మంగళవారానికీ దాని ముందు మంగళవారానికీ మధ్య ఆ కాపీ ఒక్కరి ఇంటికే వెళ్ళింది. కానీ ఎవరేం చదువుతున్నారో మేం బయటపెట్టం. అమ్మానాన్నలు వచ్చి అడిగినా చెప్పలేదు, పోలీసులు వచ్చి అడిగినా చెప్పలేదు. అది మంచి నియమం. ఇవాళ కూడా మంచిదే అంటాను. ఈ సభలో కూడా ఆ పేరు చెప్పను.

ఆయన నన్ను పేరు అడిగారు. కుదరదన్నాను. వారం తర్వాత వచ్చి, "పేరు వద్దు, ఊరు వద్దు. నేనిక్కడ ఎదురుచూస్తున్నానని వాళ్ళకి ఒక్క ముక్క చెప్పండి చాలు" అని చేతులు జోడించారు. రేడియోలో మంత్రుల్ని ఏడిపించిన మనిషి, నా కౌంటరు ముందు. అదీ కుదరదన్నాను.

ఇక్కడితో ఆగినా బాగుండేది. వింటున్నారా? అంచున ఆ మాటలు రాసిన పాఠకులు కూడా నా దగ్గరికి వచ్చారు. పుస్తకం బల్ల మీద పెట్టి, ఏడో అధ్యాయం తెరిచి, "ఈ పెన్సిల్ రాత నిజంగా ఆయనదేనా? లేకపోతే ఎవరైనా మమ్మల్ని మళ్ళీ ఆటపట్టిస్తున్నారా?" అని అడిగారు. ఎంత నెమ్మదిగా అడిగారో. ఔనమ్మా అనో, ఔను బాబూ అనో ఒక్క మాట అంటే సరిపోయేది. ఏ నియమం అడ్డొచ్చింది నాకు? అప్పుడు నేనేమన్నానో తెలుసా? "పుస్తకాల్లో రాయకూడదని గోడ మీద అంత పెద్ద బోర్డు పెట్టాం, కనిపించలేదా?" అన్నాను.

తల దించుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు.

ఆలోచించండి. జీవితమంతా దొంగ ఫోన్లు చేసిన మనిషి నిజంగా క్షమించమంటే ఎవరు నమ్ముతారు? నమ్మించడానికి ఒక సాక్షి కావాలి. ఆ పెన్సిల్ కదలడం కళ్ళతో చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. ఆ మనిషి బోర్డు చూపించింది.

తర్వాత తొమ్మిది మంగళవారాలు వచ్చారాయన. తిట్లు చదవడం మానేశారు. ఆ ఒక్క పేజీ తెరిచి చూసి, మూసేవారు. ప్రతిసారీ నా వైపు చూసేవారు, నేను చీటీలు సర్దుకునేదాన్ని. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. పదో మంగళవారం పొద్దున్న ఆయన పోయిన వార్త పేపర్లో వచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. ఆయన్ని లేపి ఎవరితో చెప్పించను? ఆ ఇంటి తలుపు ఏ మొహంతో తట్టను?

అందుకే ఇంతమంది ముందు చెబుతున్నాను. ఆ పెన్సిల్ రాత ఆయనదే. నేను చూశాను. అది జోకు కాదు. ఆయన నవ్వులాటగా రాయని అక్షరాలు ఆ పుస్తకం మొత్తంలో అవే. ఆయన నిజంగానే రావాలనుకున్నారు. రానివ్వకుండా చేసింది నేను. ఆ గుమస్తాగారికి ఎవరైనా ఈ మాట చేరవేస్తారని ఆశ. ఆయన క్షమించాలని అడగడం లేదు. అడిగే అర్హత ఉన్న మనిషి వెళ్ళిపోయారు, నాకది లేదు. వింటే చాలు.

ఆ పాఠకులు ఈ హాల్లో ఉన్నారో లేదో నాకు తెలియదు. మాట్లాడుతున్నంతసేపూ ఈ బల్ల వైపే చూశాను, తలెత్తి ఒక్క మొహం వెతకలేదు.

ఇప్పుడు ఆయన కోసం రెండు నిమిషాలు మౌనంగా ఉందాం. లేవగలిగినవాళ్ళు లేవండి. ఆయన కోసం లేవడానికి మనసొప్పనివాళ్ళు కూర్చునే ఉండండి. ఎవరూ మిమ్మల్ని ఏమీ అనరు, ఇవ్వాల్సిన జవాబు అలా ఇచ్చారనుకుంటాం. ఎవరు లేచారో ఎవరు కూర్చున్నారో తెలియకుండా అందరం కళ్ళు మూసుకుందాం. అమ్మా, మీరు కూడా. నేను అయిపోయిందని చెప్పేదాకా ఎవరూ కళ్ళు తెరవకండి.